శకలాలే సాక్ష్యం

యుద్ధంలో కూలిన విమానాల లెక్క ప్రకటనల్లో ఒకలా, నేలమీద పడ్డ ముక్కల్లో మరోలా కనిపిస్తుంది. ఆ ముక్కలు కూడా అంతా చెప్పవు

2019 ఫిబ్రవరి 27 ఉదయం. కాశ్మీర్‌లో నియంత్రణ రేఖ మీదుగా భారత్, పాకిస్తాన్ యుద్ధ విమానాలు తలపడ్డాయి. రెండు భారత విమానాలను కూల్చామని, ఇద్దరు పైలట్లు తమ అదుపులో ఉన్నారని పాక్ సైన్యం ప్రకటించింది. సాయంత్రానికి ఆ ఇద్దరూ ఒక్కరయ్యారు. ఆయనే వింగ్ కమాండర్ అభినందన్ వర్థమాన్. ఒక మిగ్-21 బైసన్‌ను కోల్పోయామని, ఒక పాక్ విమానాన్ని కూల్చామని భారత్ చెప్పింది. అది ఎఫ్-16 అని మర్నాడు వివరించింది. పాకిస్తాన్ కాదంది.

ఎవరి మాట నమ్మాలి? సమాధానం కోసం కొందరు ప్రకటనలు పక్కనపెట్టి ఫొటోలు ముందేసుకున్నారు. వీరి పద్ధతి సులువే, ఓపికే ఎక్కువ కావాలి. ముందు ఆ ఫొటో పాతదేమో చూస్తారు. వెనకున్న కొండలు, ఇళ్లు, కరెంటు స్తంభాలను ఉపగ్రహ చిత్రాలతో పోల్చి చోటు తేలుస్తారు. ఆ తర్వాత రివెట్ల వరస, రంగు, ఇంజిన్ ఆకృతి, సీరియల్ నంబరు పట్టుకుని విమానం రకాన్ని నిర్ధారిస్తారు.

ఎఫ్-16దంటూ భారతీయ మీడియాలో కనిపించిన ఒక ఇంజిన్ శకలం అలాగే మిగ్-21ది అని తేలింది. భారత సైన్యం చూపిన ఆమ్రామ్ క్షిపణి ముక్క మాత్రం గట్టి ఆధారమే. పాక్ విమానాల్లో దాన్ని మోయగలిగేది ఎఫ్-16 ఒక్కటే. అయితే ఎఫ్-16 ఆ రోజు ఎగిరిందనడానికి అది రుజువు, కూలిందనడానికి కాదు. కూల్చివేతకు రుజువుగా భారత వైమానిక దళం ఏప్రిల్‌లో రాడార్ చిత్రాలు చూపింది. పాక్ ఎఫ్-16లలో ఏదీ తగ్గలేదని అమెరికా లెక్కింపులో తేలినట్లు అదే నెలలో ‘ఫారిన్ పాలసీ’ పత్రిక రాసింది. ఎఫ్-16 శకలం మాత్రం బహిరంగంగా ఎక్కడా కనబడలేదు.

తప్పు లెక్కలన్నీ అబద్ధాలు కానక్కర్లేదు. 1940 సెప్టెంబర్ 15న 185 జర్మన్ విమానాలను కూల్చామని బ్రిటన్ ప్రకటించింది. యుద్ధం తర్వాత రికార్డులు తిరగేస్తే అవి సుమారు 60. ఒకే విమానాన్ని ఇద్దరు ముగ్గురు పైలట్లు తమ ఖాతాలో వేసుకోవడమే ఇందుకు ఒక కారణం. ఉక్రెయిన్ యుద్ధంలో ‘ఒరిక్స్’ బృందం ఫొటో లేదా వీడియో ఉన్న నష్టాన్నే లెక్కలోకి తీసుకుంది. అందుకే అలాంటి జాబితా చెప్పేది కనీస సంఖ్యను. సముద్రంలోనో, శత్రువు అధీనంలోని అడవిలోనో పడ్డ విమానానికి ఫొటో తీసేదెవరు?

2025 మేలో ఇదే కథ పునరావృతమైంది. 2021లో పంజాబ్‌లోని మోగా వద్ద కూలిన మిగ్-21 ఫొటో కొత్త కూల్చివేతగా చలామణి అయింది. మరోవైపు, కొన్ని అసలు శకలాలు రఫేల్, మిరాజ్-2000 భాగాలతో సరిపోలుతున్నాయని నిపుణులు చెప్పినట్లు ‘వాషింగ్టన్ పోస్ట్’ రాసింది. విమానాలు కోల్పోయిన మాట నిజమేనని త్రివిధ దళాల అధిపతి జనరల్ అనిల్ చౌహాన్ మే 31న సింగపూర్‌లో అంగీకరించారు. సంఖ్య చెప్పలేదు, ఆరు అన్న పాక్ వాదనను కొట్టిపారేశారు. ఐదు పాక్ యుద్ధ విమానాలను, మరో పెద్ద విమానాన్ని కూల్చామని వైమానిక దళాధిపతి ఎ.పి.సింగ్ ఆగస్టులో ప్రకటించారు. పాకిస్తాన్ దాన్నీ ఖండించింది.

శకలానికీ ఒక హద్దుంది. కూలిందేమిటో చెబుతుంది గానీ, కూల్చిందెవరో చాలాసార్లు చెప్పదు. 2019 ఫిబ్రవరి 27నే శ్రీనగర్ సమీపంలోని బడ్గామ్‌లో ఎంఐ-17 హెలికాప్టర్ కూలి ఆరుగురు వైమానిక దళ సిబ్బంది, ఒక స్థానికుడు మరణించారు. మండుతున్న శకలాలను ఆ రోజే దేశమంతా టీవీల్లో చూసింది. దాన్ని కూల్చింది మన క్షిపణేనని, అది పెద్ద పొరపాటని నాటి వైమానిక దళాధిపతి ఆర్.కె.ఎస్.భదౌరియా బహిరంగంగా ఒప్పుకున్నది అక్టోబర్ 4న. ఆ ఏడు కుటుంబాలకు కావలసిన సమాధానం ఏ ఫొటోలోనూ లేదు. అది విచారణ ఫైల్లో ఉంది. అది బయటికి రావడానికి ఏడు నెలలు పట్టింది.