ఇల్లు కదులుతుంది, చిరునామా కదలదు: అమెరికాలో 'రోడ్‌స్కూలింగ్' ఎలా నడుస్తోంది?

అమెరికాలో కొన్ని కుటుంబాలు సొంత ఇల్లు అమ్మేసో, అద్దె ఇల్లు ఖాళీ చేసో చక్రాల మీద నడిచే ఇంట్లోకి మారిపోతున్నాయి. ఆ వాహనం పేరు రిక్రియేషనల్ వెహికల్. అందరూ ఆర్వీ అంటారు. పడకలు, పొయ్యి, ఫ్రిజ్, టాయిలెట్ అన్నీ అందులోనే ఉంటాయి. పిల్లలు బడికి వెళ్లరు. అమ్మానాన్నలే చదువు చెబుతారు. ఈ నెల ఒక రాష్ట్రంలో ఉంటే, వచ్చే నెల మరో రాష్ట్రంలో ఉంటారు. ఈ పద్ధతినే 'రోడ్‌స్కూలింగ్' అంటున్నారు.

ఫొటోల్లో చూస్తే ఇది ఎప్పటికీ అయిపోని వేసవి సెలవుల్లా ఉంటుంది. కానీ ఏళ్ల తరబడి ఇలా బతకాలంటే మూడు ప్రశ్నలకు జవాబు కావాలి. పిల్లలు ఏ చట్టం కింద చదువుతున్నారు? ఏం చదువుతున్నారు? వాళ్లకు చదువు వస్తోందో లేదో ఎవరు చూస్తున్నారు? అసలు చిక్కు మూడో ప్రశ్నతోనే.

కరోనా తర్వాత వచ్చిన మార్పు

ఇంటి దగ్గరే చదువు చెప్పుకోవడం అమెరికాలో కొత్తేమీ కాదు. అయితే కరోనా కాలంలో దాని వ్యాప్తి ఒక్కసారిగా పెరిగింది. బడి ఈడు పిల్లలున్న కుటుంబాల్లో తాము హోమ్‌స్కూలింగ్ చేస్తున్నామని చెప్పినవి 2020 వసంతంలో 5.4 శాతం. అదే ఏడాది శరదృతువు నాటికి 11.1 శాతం. ఇవి అమెరికా సెన్సస్ బ్యూరో సర్వే లెక్కలు.

అదే సమయంలో ఆఫీసు పని ఇంటికొచ్చింది. 2021లో అమెరికా పరిశ్రమ రికార్డు స్థాయిలో 6 లక్షలకు పైగా ఆర్వీలను డీలర్లకు పంపింది. 2022లో స్టార్‌లింక్ సంస్థ ఆర్వీల కోసమే ప్రత్యేకంగా ఉపగ్రహ ఇంటర్నెట్ తెచ్చింది. ల్యాప్‌టాప్‌తో ఉద్యోగం చేసే తల్లిదండ్రులకు ఒకే ఊళ్లో ఉండాల్సిన కారణాలు ఒక్కొక్కటే తగ్గాయి.

ఈ పిల్లలు ఏ రాష్ట్రం వాళ్లు?

అమెరికాలో చదువు వ్యవహారం రాష్ట్రాల చేతిలో ఉంటుంది. పిల్లలందరూ ప్రభుత్వ బడికే వెళ్లాలన్న ఓరెగన్ రాష్ట్ర చట్టాన్ని 1925లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఎనిమిదో తరగతి దాటాక పిల్లల్ని బడికి పంపబోమన్న ఆమిష్ మతస్తులకు 1972లో అనుకూలంగా తీర్పిచ్చింది. ఈ రెండు తీర్పులూ నేరుగా హోమ్‌స్కూలింగ్ గురించి ఇచ్చినవి కావు. అయినా పిల్లల చదువుపై తల్లిదండ్రుల హక్కు గురించి వాదించేవాళ్లు వాటినే ఆసరా చేసుకుంటారు. ఇప్పుడు 50 రాష్ట్రాల్లోనూ హోమ్‌స్కూలింగ్ చట్టబద్ధమే. నిబంధనలే ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి.

న్యూయార్క్‌లో ఏడాది బోధన ప్రణాళిక ముందే ఇవ్వాలి. మూడు నెలలకోసారి నివేదిక, ఏడాది చివర మూల్యాంకనం తప్పవు. ఫ్లోరిడాలో జిల్లా సూపరింటెండెంట్‌కు సమాచారం ఇచ్చి, పిల్లల పనిని ఫైలుగా భద్రపరచి, ఏటా మూల్యాంకనం చేయించాలి. టెక్సస్‌లో ఇవేవీ లేవు. ఇంటి బడిని ప్రైవేటు బడిగానే చూడాలని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1994లో లీపర్ కేసులో తేల్చింది. చదవడం, స్పెల్లింగ్, వ్యాకరణం, లెక్కలు, పౌరనీతి చెబితే చాలు. ఎక్కడా నమోదు చేయించుకోనక్కర్లేదు.

అందుకే ఊరూరూ తిరిగే కుటుంబానికి తిరగని చిరునామా ఒకటి కావాలి. డ్రైవింగ్ లైసెన్సు, బండి రిజిస్ట్రేషన్, బీమా, పన్నులు అన్నీ ఆ చిరునామా మీదే ఉంటాయి. చాలామంది ఎంచుకునేవి టెక్సస్, ఫ్లోరిడా, సౌత్ డకోటా. ఈ మూడింట్లోనూ రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. టెక్సస్‌లోని లివింగ్‌స్టన్‌లో ఉన్న ఎస్కేపీస్ ఆర్వీ క్లబ్ లాంటి సంస్థలు సభ్యులకు చిరునామా ఇచ్చి, ఉత్తరాలను వాళ్లున్న చోటికి పంపిస్తాయి. సౌత్ డకోటా 2021లో హోమ్‌స్కూల్ పిల్లలకు ప్రామాణిక పరీక్షలు రాయించాలన్న నిబంధనను తీసేసింది.

అయితే చిరునామా ఒక్కటే అన్నిచోట్లా రక్షణ కాదు. ఒక రాష్ట్రంలో ఎక్కువకాలం ఆగిపోతే అక్కడి నిర్బంధ విద్యా చట్టం వర్తించే అవకాశం ఉంది.

మజిలీకో పాఠం

మధిర సుబ్బన్న దీక్షితులు 'కాశీ మజిలీ కథలు'లో మణిసిద్ధుడు దారిలో ప్రతి మజిలీ దగ్గరా వెంట వచ్చిన కుర్రాడికి ఒక కథ చెబుతాడు. రోడ్‌స్కూలింగ్ నమ్మకం కూడా దాదాపు అదే: ఆగిన చోటే పాఠం. అమెరికాలో దీనికి ప్రభుత్వ భూముల వ్యవస్థ పెద్ద అండ. నేషనల్ పార్క్ సర్వీస్ కింద జాతీయ పార్కులు, స్మారకాలు, చారిత్రక స్థలాలు కలిపి 430కి పైగా ఉన్నాయి.

వాటిలో చాలాచోట్ల 'జూనియర్ రేంజర్' కార్యక్రమం ఉంటుంది. పిల్లలకు ఒక చిన్న పుస్తకం ఇస్తారు. పార్కులో తిరిగి, చూసినవి రాసి, బొమ్మలు గీసి తెచ్చిస్తే రేంజర్ దాన్ని తిరగేసి ప్రశ్నలు వేస్తారు. తర్వాత చెయ్యెత్తించి ప్రమాణం చేయించి బ్యాడ్జీ ఇస్తారు. నాలుగో తరగతి పిల్లలకు 2015 నుంచి ఉచిత పాస్ పథకం కూడా ఉంది. బడికి వెళ్లని పదేళ్ల పిల్లలూ దానికి అర్హులే. బండికి రుసుము తీసుకునే పార్కుల్లో ఆ ఒక్క పాస్‌తో బండిలో ఉన్నవాళ్లందరూ లోపలికి వెళ్లొచ్చు.

సౌత్ డకోటాలోని బ్యాడ్‌లాండ్స్ పార్కులో 2010లో ఏడేళ్ల పాప ఒకరు విజిటర్ సెంటర్ దగ్గర్లోనే ఒక శిలాజాన్ని గుర్తించి రేంజర్లకు చెప్పింది. అది కత్తుల్లాంటి కోరలున్న ప్రాచీన జంతువు పుర్రె అని తేలింది. కొలరాడోలోని మెసా వెర్డేలో ప్యూబ్లో జాతుల పూర్వీకులు కొండ చరియల కింద కట్టుకున్న ఇళ్లు కనిపిస్తాయి. కాలిఫోర్నియాలోని మాంజనార్‌లో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జపాన్ మూలాలున్న 10 వేల మందికి పైగా జనాన్ని నిర్బంధించిన శిబిరం ఉంది.

ఆర్కన్సాలోని లిటిల్ రాక్ సెంట్రల్ హైస్కూల్ కూడా జాతీయ చారిత్రక స్థలమే. 1957లో తొమ్మిది మంది నల్లజాతి విద్యార్థులు ఆ బడిలో అడుగుపెట్టడానికి సైన్యం కాపలా కావాల్సి వచ్చింది. బడి వద్దనుకున్న కుటుంబాలు, బడిలోకి రానివ్వమని పోరాడిన పిల్లల చరిత్ర తెలుసుకునేందుకు అక్కడికి వెళుతుంటాయి.

ఫొటోల్లో కనిపించనిది

రోజువారీ బతుకు మాత్రం ఇంత అందంగా ఉండదు. టాయిలెట్ మురుగు ఒక ట్యాంకులో, గిన్నెలు కడిగిన నీళ్లు మరో ట్యాంకులో చేరతాయి. అవి నిండేలోపు డంప్ స్టేషన్ వెతుక్కోవాలి. చలికాలం గొట్టాల్లో నీళ్లు గడ్డకడతాయి కాబట్టి దక్షిణానికి దిగాలి. కేంద్ర ప్రభుత్వ భూముల్లో చాలాచోట్ల ఉచితంగా ఆగొచ్చు కానీ, సాధారణంగా 28 రోజుల్లో 14 రోజులకు మించి ఒకచోట ఉండనివ్వరు. పిల్లలకు స్నేహం కుదిరేలోపే బండి కదిలే రోజు వచ్చేస్తుంది.

తెలుగు కుటుంబాలకు కుదురుతుందా?

అక్కడి పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు అడ్డేమీ లేదు. హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్లకు మాత్రం కష్టం. ఆ వీసా ఉద్యోగితో పాటు పనిచేసే ప్రదేశానికీ ముడిపడి ఉంటుంది. ఆ ప్రాంతం దాటి కొత్త చోటికి మారితే కంపెనీ సవరణ దరఖాస్తు పెట్టాలని 2015లో సిమియో సొల్యూషన్స్ కేసులో ఇమిగ్రేషన్ అప్పీళ్ల విభాగం స్పష్టం చేసింది. కొద్ది రోజుల పనికి మినహాయింపులున్నాయి. కానీ ఏడాది పొడవునా ఊళ్లు మారుతూ ఆర్వీలోంచి పనిచేయడానికి అవి సరిపోవు.

భారత్‌లో పరిస్థితి వేరు. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని దగ్గర్లోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది. చేర్పించకపోతే శిక్షేమిటో మాత్రం చెప్పదు. ఇంట్లో చదివినవాళ్లు జాతీయ సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పది, పన్నెండు తరగతుల పరీక్షలు రాయొచ్చు.

అదే బండి, వేరే చట్టం

ఆర్వీలో ఉన్న ప్రతి కుటుంబమూ ఇష్టపడి ఉంటున్నది కాదు. అద్దెలు కట్టలేక బండిలో తలదాచుకునేవాళ్లూ ఉన్నారు. వేరే గతిలేక ట్రైలర్ పార్కుల్లో, క్యాంప్‌గ్రౌండ్లలో ఉండే పిల్లల్ని 1987 నాటి మెకిన్నీ-వెంటో చట్టం నిరాశ్రయులుగానే లెక్కిస్తుంది. చిరునామా రుజువు లేకపోయినా వాళ్లను వెంటనే బడిలో చేర్చుకోవాలంటుంది.

పక్కపక్కనే ఆగిన రెండు బండ్లలో ఒక బండిలోని పిల్లల కోసం చట్టం బడి తలుపు తెరిచి పట్టుకుంటుంది. రెండో బండిలోని పిల్లలు ఏం చదువుతున్నారని చాలాసార్లు అడగను కూడా అడగదు.

మరి చూసేదెవరు?

ఈ విషయంలో అమెరికా రెండుగా చీలి ఉంది. హార్వర్డ్ న్యాయశాస్త్ర ఆచార్యురాలు ఎలిజబెత్ బార్తొలే 2020లో రాసిన వ్యాసంలో, హోమ్‌స్కూలింగ్‌ను సూత్రప్రాయంగా నిషేధించి, తగిన కారణం చూపినవాళ్లకే అనుమతివ్వాలని వాదించారు. 1983లో ఏర్పడిన హోమ్ స్కూల్ లీగల్ డిఫెన్స్ అసోసియేషన్ దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తుంది. పిల్లల చదువు తల్లిదండ్రుల హక్కు అన్నది దాని మాట.

ఈ రెండు పక్షాల మధ్య మరో గొంతు ఉంది. ఇంటి చదువుతో పెరిగి పెద్దవాళ్లయినవారే కొందరు 2013లో కొయలిషన్ ఫర్ రెస్పాన్సిబుల్ హోమ్ ఎడ్యుకేషన్ స్థాపించారు. ఈ పద్ధతిని రద్దు చేయాలని వాళ్లు కోరడం లేదు. పిల్లలు నేర్చుకుంటున్నారో లేదో ఏడాదికోసారైనా బయటివారెవరో ఒకరు చూడాలంటున్నారు.

తిరిగే కుటుంబాలకు ఈ కోరిక మరింత వర్తిస్తుంది. స్థిరంగా ఉండే ఇంట్లో పక్కింటివాళ్లు, బంధువులు, పిల్లల డాక్టరు ఉంటారు. పిల్లాడు పదేళ్లొచ్చినా చదవలేకపోతున్నాడని ఎవరో ఒకరి కంట పడుతుంది. రెండు వారాలకోసారి ఊరు మారే బండిలో ఆ కళ్లు కూడా మారిపోతాయి. శ్రద్ధగల తల్లిదండ్రులకు ఏడాదికోసారి జరిగే పరిశీలన పెద్ద భారం కాదు. శ్రద్ధ లేని చోట ఆ పిల్లలకున్న ఆసరా అదొక్కటే కావచ్చు. ఆ పరిశీలన ఉంటుందా లేదా అన్నది మాత్రం, తల్లిదండ్రులు ఏ రాష్ట్రం చిరునామా ఎంచుకున్నారన్న దాన్ని బట్టే తేలుతోంది.