చప్పుడు చేయని బెల్టు

ఇంజిన్లో టైమింగ్ చైన్ అరిగితే తనే చెబుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే గలగలమంటుంది, మెకానిక్ చెవి ఒగ్గి విని "చైన్ కొడుతోంది" అని తేల్చేస్తాడు. టైమింగ్ బెల్టుకు ఆ అలవాటు లేదు. నిన్నటిదాకా ఎంత నిశ్శబ్దంగా తిరిగిందో, తెగే క్షణం దాకా అంతే నిశ్శబ్దంగా తిరుగుతుంది. హైవే మీద సాఫీగా పోతున్న బండి ఉన్నట్టుండి చల్లబడిపోతుంది. మళ్లీ తాళం తిప్పితే స్టార్టర్ మామూలుకంటే హుషారుగా, ఏ అడ్డూ లేనట్టు తిరుగుతుంది. కంప్రెషన్ లేదు కదా మరి! ఆ తేలికపాటి చప్పుడు వినగానే అనుభవమున్న మెకానిక్ బానెట్ ఎత్తకుండానే పెదవి విరుస్తాడు.

ఆ బెల్టు చేసే పనేమిటో ముందు చూద్దాం. పిస్టన్లు కింద క్రాంక్ షాఫ్ట్‌ను తిప్పుతాయి. గాలిని లోపలికి రానిచ్చే, పొగను బయటికి పంపే వాల్వులను పైనున్న క్యామ్ షాఫ్ట్ తెరుస్తుంది. నాలుగు స్ట్రోకుల ఇంజిన్లో ఒక్కో వాల్వు క్రాంక్ రెండు చుట్లు తిరిగేలోగా ఒక్కసారే తెరుచుకోవాలి. అందుకే క్యామ్ పుల్లీకి క్రాంక్ పుల్లీ కంటే సరిగ్గా రెట్టింపు పళ్లుంటాయి. ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే క్రాంక్ సెకనుకు 50 సార్లు, ప్రతి వాల్వూ సెకనుకు 25 సార్లు. ఇంత వేగంలో పై షాఫ్టూ కింది షాఫ్టూ లెక్క తప్పకుండా పట్టి ఉంచేది ఆ రబ్బరు పట్టీయే.

లెక్క తప్పితే ఏమవుతుందన్నది ఇంజిన్‌ను బట్టి ఉంటుంది. ఇప్పటి ఇంజిన్లు చాలావాటిలో తెరుచుకున్న వాల్వు దిగే చోటూ, పిస్టన్ పైకొచ్చే చోటూ ఒకటే. ఒకే అద్దె గదిని పగలు ఒకరు, రాత్రి ఒకరు వాడుకున్నట్టు ఆ కాస్త జాగాను అవి వంతులవారీగా వాడుకుంటాయి. బెల్టు తెగితే క్యామ్ ఆగిపోతుంది, తెరుచుకున్న వాల్వులు తెరుచుకున్నట్టే ఉండిపోతాయి. క్రాంక్ మాత్రం బండి వేగానికి ఇంకా తిరుగుతూనే ఉంటుంది. పిస్టన్ వెళ్లి వాల్వును గుద్దుతుంది. వాల్వులు వంగుతాయి, హెడ్డు దింపాల్సి వస్తుంది, ఒక్కోసారి పిస్టన్ కూడా పోతుంది. ఇలాంటివాటిని ఇంటర్‌ఫియరెన్స్ ఇంజిన్లు అంటారు. ఆ జాగా విడివిడిగా ఉన్న ఇంజిన్లలో బండి ఆగిపోవడంతో సరి. కొత్త బెల్టు వేస్తే మళ్లీ నడుస్తుంది.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కాలంలో ఈ బెంగ లేదు. వాటి పాత ఇంజిన్లలో క్యామ్ షాఫ్ట్ కిందే, క్రాంక్ పక్కనే ఉండేది. మధ్యలో పొట్టి చైన్ సరిపోయేది. పైనున్న వాల్వులను పొడవాటి పుష్ రాడ్లతో తెరిచేవారు. మొండి ఇంజిన్లే గానీ వేగం పెంచితే ఆ రాడ్లు, రాకర్ల బరువే అడ్డమయ్యేది. క్యామ్‌ను ఏకంగా హెడ్డు మీదికే ఎక్కిస్తే ఆ బరువు తప్పుతుంది. కానీ అప్పుడు క్రాంక్‌కీ క్యామ్‌కీ దూరం పెరుగుతుంది. పొడవాటి చైన్ వేస్తే దానికి నూనె పొయ్యాలి, అది ఊగకుండా గైడ్లు పెట్టాలి, అయినా మోత పోదు. నిలువు షాఫ్టూ బెవెల్ గేర్లూ పెడితే చూడముచ్చటగా ఉంటుంది, ఖర్చు చుక్కలంటుతుంది. మరి బెల్టు? బెల్టులు అప్పటికే ఊరూరా ఉన్నాయి. కానీ రైసు మిల్లులోనో పిండిమరలోనో పట్టా కాస్త జారినా పిండి పిండే. ఇంజిన్లో జారితే కుదరదు. జారని బెల్టు కావాలి.

అది పుట్టింది కారు కోసం కాదు, కుట్టు మిషన్ కోసం. 1940ల్లో అమెరికాలో రిచర్డ్ కేస్ అనే ఆయన సింగర్ మిషన్ల కోసం లోపలివైపు పళ్లున్న బెల్టు తయారుచేశాడు. ఆయన పనిచేసిన కంపెనీ పేరు మీదుగా గిల్మర్ బెల్టు అన్న పేరు దానికి చాలాకాలం నిలిచింది. కుట్టు మిషన్‌కు దాని అవసరమేమిటంటే, సూది బట్టలోకి దిగి కొద్దిగా పైకి లేచినప్పుడు దారం చిన్న ఉచ్చులా విచ్చుకుంటుంది. సరిగ్గా అప్పుడే కింది హుక్కు తిరుగుతూ వచ్చి ఆ ఉచ్చును పట్టుకోవాలి. ముందొచ్చినా, వెనకొచ్చినా కుట్టు తప్పుతుంది, లేదా సూది విరుగుతుంది. హుక్కు గుండ్రంగా తిరిగే మిషన్లలో సాధారణంగా సూది ఒక్కసారి దిగిలేచేలోగా హుక్కు రెండు చుట్లు తిరుగుతుంది. పైన ఒకటి, కింద రెండు! కారు ఇంజిన్లో క్యామ్, క్రాంక్‌ల లెక్కా అదే. ఈ పోలిక కాకతాళీయమే కావచ్చు. నాకైతే ఇంజిన్ చరిత్ర మొత్తంలో ఇంత ముచ్చటైన యాదృచ్ఛికం ఇంకొకటి కనబడలేదు.

కార్ల వాళ్లలో దీన్ని ముందు పట్టుకున్నది రేసుల వాళ్లు. 1950ల్లో బిల్ డెవిన్ అనే అమెరికన్ తన చిన్న పన్హార్డ్ రేసు కార్లలో క్యామ్‌ను పైకి తెచ్చి, దాన్ని గిల్మర్ బెల్టుతో తిప్పాడు. మామూలు జనం కొనుక్కునే కారులోకి దాన్ని తెచ్చిన ఘనత మాత్రం జర్మనీలో బవేరియాలోని డింగోల్ఫింగ్ అనే చిన్న పట్టణానిది. అక్కడి హాన్స్ గ్లాస్ కంపెనీ మొదట్లో విత్తనాలు నాటే యంత్రాలు చేసేది. తర్వాత స్కూటర్లు, ఆ తర్వాత గోగోమొబిల్ అనే బుల్లి కారు చేసింది. 1961లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో పెట్టిన గ్లాస్ 1004 మరుసటేడు రోడ్డెక్కింది. లీటరుకు కాస్త తక్కువ ఇంజిన్, హెడ్డు మీద క్యామ్, దాన్ని తిప్పడానికి పళ్ల బెల్టు. పెద్ద కంపెనీలన్నీ రబ్బరును నమ్మాలా వద్దా అని తటపటాయిస్తుంటే వ్యవసాయ పరికరాల వాళ్లు నమ్మేశారు. దశాబ్దం గడవకముందే గ్లాస్‌ను బీఎండబ్ల్యూ కొనేసింది. డింగోల్ఫింగ్‌లో ఇప్పుడున్నది బీఎండబ్ల్యూ వారి భారీ కర్మాగారం.

1966లో అమెరికాలో పోంటియాక్ ఆరు సిలిండర్ల ఇంజిన్‌కూ, ఇటలీలో ఫియట్ రెండు క్యామ్‌ల ఇంజిన్‌కూ బెల్టు వచ్చేసింది. ఫియట్ ఇంజిన్ గీసిన ఔరేలియో లాంప్రేది అంతకుముందు ఫెరారీకి ఇంజిన్లు గీసినవాడు. ఆయనలాంటివాడు చేయివేశాక ఇక అనుమానాలేముంటాయి? మన దేశంలో మధ్యతరగతి ఇంటికి బెల్టును తెచ్చింది 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800. దాని 796 సీసీ, మూడు సిలిండర్ల సుజుకీ ఇంజిన్లో ముందువైపు కవరు విప్పితే కనిపించేది ఈ బెల్టే. అంబాసిడర్ మోతకు అలవాటుపడ్డ చెవులకు మారుతి ఇంజిన్ ఆన్‌లో ఉందో లేదో తెలిసేది కాదని అప్పట్లో చెప్పుకునేవారంటే అందులో ఈ బెల్టుకూ వాటా ఉంది.

కంపెనీలకు ఇది ఎందుకంత నచ్చిందంటే, తేలిక, చవక, నిశ్శబ్దం. నూనె అక్కర్లేదు కాబట్టి ఇనప పెట్టె బదులు ప్లాస్టిక్ మూత చాలు. ఇంజిన్ బతికినంతకాలం బతకదన్నదొక్కటే లోపం, ఆ ఖర్చు బండి కొన్నవాడిది. నా మటుకు నాకు ఇది సాంకేతిక విజయమెంతో, ఖర్చును నేర్పుగా పక్కవాడి నెత్తిన పెట్టడం కూడా అంతే అనిపిస్తుంది.

బెల్టును రబ్బరు అంటున్నాం గానీ బరువు మోసేది రబ్బరు కాదు. లోపల పొడవునా పురిపెట్టిన గాజు పీచు తాళ్లుంటాయి. లాగితే దాదాపు సాగవు, అందుకే టైమింగ్ మారదు. వాటిని పట్టి ఉంచేది కృత్రిమ రబ్బరు. మొదట్లో నియోప్రీన్, తర్వాత వేడికీ నూనెకూ ఇంకాస్త తట్టుకునే హెచ్‌ఎన్‌బీఆర్. పళ్ల మీద అరుగుదల ఆపే నైలాన్ గుడ్డ. మొదటి బెల్టులకు పళ్లు పలకలుగా ఉండేవి, మూలల్లో ఒత్తిడి చేరి పన్ను మొదలు దగ్గర చిట్లేది. 1970ల్లో పళ్లకు గుండ్రటి రూపం వచ్చాక ఆ బాధ తగ్గింది. అయినా పని తక్కువదేం కాదు. గంటకు 60 కిలోమీటర్లప్పుడు ఇంజిన్ నిమిషానికి 2,500 చుట్లు తిరిగే చిన్న కారును తీసుకుంటే, 60,000 కిలోమీటర్లకు క్రాంక్ 15 కోట్ల చుట్లు తిరిగినట్టు. అన్ని చుట్లలోనూ లాగుడు ఒకేలా ఉండదు. వాల్వును నొక్కేటప్పుడు స్ప్రింగు క్యామ్‌ను వెనక్కి నెడుతుంది, మూసుకునేటప్పుడు అదే స్ప్రింగు ముందుకు తోస్తుంది. బెల్టు ఒక్క క్షణం కూడా ఒకే బిగువులో ఉండదు.

పాత నియోప్రీన్ బెల్టు వీపు మీద పగుళ్లు చూపేది. కొత్త రకాలు చివరిదాకా పైకి నున్నగానే కనబడతాయి. కాబట్టి మూత తీసి చూసి "బాగానే ఉంది" అనుకోవడానికి లేదు. బండితో ఇచ్చిన పుస్తకంలో రాసిన కిలోమీటర్లూ, సంవత్సరాలూ, వాటిలో ఏది ముందొస్తే అదే గడువు. షెడ్డులో నిలబెట్టిన బండికి కూడా సంవత్సరాల లెక్క వర్తిస్తుంది. తిరగకపోయినా రబ్బరు ముదురుతూనే ఉంటుంది.

ఇంటి దగ్గర మార్చుకోవచ్చా? మార్కులూ, పుల్లీకి కీ ఉన్న పాత సింగిల్ క్యామ్ ఇంజినైతే, పానాలు పట్టడం వచ్చినవాడు ఒక సెలవురోజులో చేసుకోగలడు. ఇక్కడ కావలసింది బలం కాదు, ఓపిక. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి, బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీయాలి, జాకీని ఒక్కదాన్నే నమ్మకుండా కింద స్టాండు పెట్టాలి. స్పార్క్ ప్లగ్గులు విప్పితే ఇంజిన్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. ఒకటో సిలిండర్ పిస్టన్‌ను టాప్‌కి తెచ్చి, క్యామ్ పుల్లీ మీది గుర్తు దాని ఎదుటి గుర్తుకూ, క్రాంక్ పుల్లీ మీది చుక్క దాని బాణానికీ కలిశాకే పాత బెల్టు తియ్యాలి. తీశాక రెండు షాఫ్టులనూ కదపకూడదు. ఒక్క పన్ను తేడా అంటే ఎంతనుకున్నారు? క్రాంక్ పుల్లీకి 20 పళ్లుంటే 18 డిగ్రీలు. బండి స్టార్టవుతుందేమో గానీ లాగదు.

కొత్త బెల్టును పెట్టెలోంచి తీసేటప్పుడే సగం మంది దాన్ని పాడుచేస్తారు. మడత పెట్టి చూస్తారు, లోపలివైపు బయటికి తిప్పుతారు, బిగుతుగా ఉందని స్క్రూడ్రైవర్‌తో ఎగదోస్తారు. గాజు పీచు లాగుడుకు ఎంత గట్టిదో మడతకు అంత పెళుసు. లోపల నాలుగు పోగులు విరిగినా పైకి ఏమీ కనబడదు. దానికి నూనె కూడా పడదు. క్యామ్ ఆయిల్ సీలు గానీ, క్రాంక్ ఆయిల్ సీలు గానీ చెమ్మగా కనిపిస్తే కొత్త బెల్టు వేసేముందే మార్చాలి. బెల్టును బిగించి ఉంచే టెన్షనర్ బేరింగ్‌ను వేలితో తిప్పితే గరగరమంటే అదీ మార్చాలి. కొన్ని ఇంజిన్లలో వాటర్ పంపును కూడా ఈ బెల్టే తిప్పుతుంది. పంపు పట్టేస్తే బెల్టు పళ్లు రాలిపోతాయి కాబట్టి అక్కడిదాకా విప్పినప్పుడే దాన్నీ మార్చడం మంచిది.

బెల్టు ఎక్కించేటప్పుడు వదులంతా టెన్షనర్ వైపే ఉండాలి. పాత సుజుకీల్లాంటి వాటిలో టెన్షనర్ బోల్టు వదిలితే స్ప్రింగే బిగువు చూసుకుంటుంది. తర్వాత క్రాంక్‌ను పానాతో ఇంజిన్ తిరిగే దిక్కుకే రెండు పూర్తి చుట్లు తిప్పాలి. రెండే ఎందుకంటే అప్పుడే క్యామ్ ఒక చుట్టు పూర్తవుతుంది, ప్రతి వాల్వూ ఒకసారి తెరిచి మూసుకుంటుంది. ఎక్కడైనా గట్టిగా తగిలి ఆగితే బలం పెట్టకూడదు. అక్కడ వాల్వును పిస్టన్ తాకుతోంది. చేతికి తెలిసింది కాబట్టి బతికిపోయాం, స్టార్టరైతే వంచేసి ఊరుకునేది. పుల్లీల గుర్తులు మళ్లీ కలిస్తే టెన్షనర్ బిగించేయొచ్చు. బెల్టు మీద పెయింటుతో పెట్టుకున్న గీతలు మాత్రం కలవవు, కంగారు పడొద్దు. రెండు చుట్లలో 40 పళ్లు ముందుకు జరుగుతాయి, బెల్టుకు ఉన్న పళ్లు అంతకంటే చాలా ఎక్కువ.

ఇప్పటి ఇంజిన్లు చాలావాటికి ఈ ధైర్యం చేయకూడదు. కొన్నింట్లో పుల్లీకి కీ ఉండదు, బోల్టు బిగువే దాన్ని స్థానంలో నిలుపుతుంది. షాఫ్టులను కదలకుండా పట్టే ప్రత్యేక పిన్నులు లేకుండా విప్పితే గుర్తులన్నవే ఉండవు.

ఈ మధ్య కథ రెండు దారులు పట్టింది. చాలా కంపెనీలు, మారుతి కె సిరీస్ ఇంజిన్లతో సహా, మళ్లీ చైన్‌కే వెళ్లాయి. ఫోర్డ్ లీటరు ఎకోబూస్ట్ లాంటి ఇంజిన్లు బెల్టును ఏకంగా ఆయిల్లోనే ముంచాయి. రాపిడి తగ్గుతుందన్నది ఆలోచన. కానీ ఆయిల్ మార్చడం ఆలస్యమైతేనో, తప్పు రకం పోస్తేనో బెల్టు నాని ముక్కలు ఊడి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డుపడుతుంది. దశాబ్దాలపాటు ఆయిల్ తగలకుండా కాపాడిన వస్తువును తీసుకెళ్లి ఆయిల్లో ముంచడం ఎవరి ఆలోచనో గానీ, వేర్వేరు కంపెనీల వాళ్లు దానికి తగిన మూల్యం చెల్లించారు.

విద్యుత్ బండికి వాల్వులూ లేవు, క్యామూ లేదు. అయినా పళ్ల బెల్టుకు పని పోలేదు. త్రీడీ ప్రింటర్ల లోపల ముక్కును అటూ ఇటూ కొలిచినట్టు నడిపేది దాని తమ్ముడే. ఏథర్ 450 స్కూటర్‌లో మోటారు నుంచి వెనక చక్రానికి వెళ్లేదీ పళ్ల బెల్టే. అక్కడ అది తెగితే వంగడానికి వాల్వులు లేవు, బండి రోడ్డు పక్కన ఆగుతుంది, అంతే.