డివిజన్ల గీతలు, ఆగే ఎన్నికలు: తార్నాక ఓటరుకు ఎందుకు పట్టాలి?

తార్నాక పేరు ‘తార్ నాకా’ నుంచి వచ్చిందని పాతవాళ్లు చెబుతారు. ఉర్దూలో తార్ అంటే తీగ. తీగ కంచె ఉన్న నాకా అన్నమాట. ఆ కంచె ఎప్పుడో పోయింది. ఇప్పుడు గొడవంతా మరో గీత మీద. అదే బల్దియా డివిజన్ల సరిహద్దు.

బల్దియా రాజకీయాల్లో తార్నాకది చిన్న పేరేం కాదు. 2009లో జీహెచ్‌ఎంసీ తొలి మేయర్ అయిన బండ కార్తీకరెడ్డి ఇక్కడి కార్పొరేటరే. 2021లో డిప్యూటీ మేయర్ అయిన మోతె శ్రీలత కూడా ఇక్కడి నుంచే గెలిచారు.

అసలేం జరిగింది?

2025 నవంబర్‌లో రాష్ట్ర మంత్రివర్గం శివార్లలోని 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను జీహెచ్‌ఎంసీలో కలపాలని నిర్ణయించింది. దాదాపు 650 చదరపు కిలోమీటర్ల నగరం ఒక్కసారిగా 2,000 దాటింది. డిసెంబర్‌లో 150 డివిజన్లను 300 చేస్తూ ముసాయిదా వచ్చింది. అభ్యంతరాలకు ఇచ్చింది ఏడు రోజులే. విషయం హైకోర్టుకు వెళ్లింది. జనాభా లెక్కలు, మ్యాపులు బయటపెట్టాలని, గడువు మరో రెండు రోజులు పెంచాలని కోర్టు చెప్పింది.

ప్రతిపక్షాలు ఏమంటున్నాయి?

బీజేపీ, బీఆర్‌ఎస్ కౌన్సిల్‌లోనే నిరసన తెలిపాయి. మజ్లిస్ సభ్యులూ కొన్ని సరిహద్దులపై అభ్యంతరం చెప్పారు. ఒక్కో పార్టీ లెక్క వేరు. కానీ అందరూ అడిగిన ప్రశ్న ఒకటే: మ్యాపు చూపించకుండా, జనంతో మాట్లాడకుండా గీతలు గీస్తే ఎలా? శివార్లకు రోడ్లు, డ్రైనేజీ ఒకే పద్ధతిలో అందాలంటే విలీనం తప్పదన్నది ప్రభుత్వ వాదన. అందులోనూ కొంత నిజం ఉంది.

చట్టం మాటేంటి?

రాజ్యాంగంలోని 243-యు అధికరణ ప్రకారం పాలకమండలి గడువు తొలి సమావేశం నుంచి ఐదేళ్లు. అది ముగిసేలోపే ఎన్నిక పూర్తి కావాలి. 2021 ఫిబ్రవరి 11న కొలువుదీరిన పాలకమండలి గడువు 2026 ఫిబ్రవరి 10తో ముగిసింది. వార్డుల విభజన, ఓటరు జాబితాల పేరుతో ఎన్నికలు వాయిదా వేయడం కుదరదని 2006లో అహ్మదాబాద్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

కానీ హైదరాబాద్ చరిత్ర వేరే చెబుతుంది. పాత ఎంసీహెచ్‌కు 1986లో ఎన్నికలు జరిగాక మళ్లీ 2002లోనే జరిగాయి. 2007 ఏప్రిల్‌లో 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు కలిపి జీహెచ్‌ఎంసీ చేశారు. ఓటు పడింది 2009 నవంబర్‌లో. ఆ పాలకమండలి గడువు 2014 డిసెంబర్‌లో తీరితే, తర్వాతి ఎన్నిక 2016 ఫిబ్రవరిలో. అప్పుడు కూడా డివిజన్లను 200 చేస్తామంటూ కాలం గడిపి, చివరికి 150తోనే కానిచ్చారు. ఆ రోజు అధికారంలో ఉన్నది నేటి బీఆర్‌ఎస్. ప్రశ్నించింది కాంగ్రెస్. ఇప్పుడు కుర్చీలు మారాయి, మాటలూ మారాయి.

మధ్యలో నష్టం ఎవరికి?

కౌన్సిల్ లేనప్పుడు ప్రత్యేకాధికారి పాలన వస్తుంది. చెత్త బండి వస్తుంది, పన్ను బిల్లూ వస్తుంది. కానీ బడ్జెట్‌ మీద చర్చ ఉండదు, స్టాండింగ్ కమిటీ ఉండదు. నాలా పొంగితే నిలదీయడానికి బస్తీకి తమ ఓటుతో గెలిచిన మనిషి ఉండడు.

ఓయూ క్యాంపస్ సంగతి ఇంకో రకం. హాస్టల్ విద్యార్థుల్లో చాలామంది ఓటు సొంతూళ్లోనే ఉంటుంది. ఏళ్ల తరబడి ఇక్కడే ఉన్నా ఇక్కడి వీధి దీపం మీద వాళ్ల మాట చెల్లదు. బల్దియా ఓటరు జాబితాను అసెంబ్లీ జాబితా నుంచే డివిజన్ల వారీగా విడదీస్తారు. గీత మారితే పక్కపక్క ఇళ్ల ఓట్లు కూడా రెండు డివిజన్లలో పడొచ్చు.

అందుకే తార్నాక, క్యాంపస్ వాసులు ముందుగా చూసుకోవాల్సింది రెండే: తమ ఇల్లు ఏ డివిజన్‌లో పడింది, అసెంబ్లీ జాబితాలో తమ పేరు ఇక్కడ ఉందా. ఎన్నిక ఎప్పుడొచ్చినా ఆ రోజు చేతిలో ఉండాల్సింది ఆ ఓటే.