చేతులు మరిగిన బిడ్డ

పుదుచ్చేరి నుంచి కడలూరు వెళ్లే దారిలో ఉంటుంది కిరుమాంబాక్కం. యానాం నుంచి వచ్చి అక్కడ కాపురముంటున్న ఒక ఇంట్లో, రాత్రి రెండింటికి రెండు నెలల పాప గుక్కపట్టింది. తల్లి లేవబోతే అమ్మమ్మ ఆపింది. "ఉండవే, కాసేపు ఏడవనీ. అస్తమానం ఎత్తుకుంటే చేతులు మరుగుతుంది." "నా వల్ల కాదమ్మా" అంటూనే కూతురు మంచం అంచున కూర్చుండిపోయింది.

మన ఇళ్లలో ఇంతకన్నా మొండి అపోహ లేదు. రెండు నెలల పసిగుడ్డుకు మారాం చేసే తెలివి ఇంకా రాదు. ఆకలైనా, పక్క తడిసినా, అమ్మ ఒళ్లు కావాలన్నా ఏడవడమే దానికి తెలిసింది. పిలిస్తే పలకడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, ప్రపంచ బ్యాంకు 2018లో బిడ్డ ఎదుగుదలకు కావలసిన అయిదు అవసరాల్లో ఒకటిగా చేర్చాయి. అలాగని కదిలిన ప్రతిసారీ ఎత్తుకోనక్కర్లేదు. పుట్టిన కొత్తలో బిడ్డ నిద్రలో దాదాపు సగం కలత నిద్రే. మూలుగుతుంది, మెలికలు తిరుగుతుంది, మూతి ముడుస్తుంది. ఒక్క క్షణం చూడండి, మళ్లీ పడుకోవచ్చు. ఏడిస్తే మాత్రం ఎత్తుకోండి.

రాత్రి లేస్తోందంటే పాలు చాలడం లేదని, జావ పట్టమని ఇంకో సలహా. పొట్ట చిన్నది, పాలు త్వరగా అరుగుతాయి, అందుకే లేస్తుంది. రాత్రీ పగలూ తేడా ఒంటికి తెలియడం రెండు మూడు నెలలకు గానీ మొదలవదు. పాలు ఊరేందుకు కావలసిన ప్రొలాక్టిన్ హార్మోను కూడా రాత్రిపూటే ఎక్కువ. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే చాలు.

నిద్రపడుతుందని దగ్గు మందు పోయడం మాత్రం ప్రమాదం. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడొద్దని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థే చెప్పింది. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండూ వద్దు. గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలి.

మూడు నెలలలోపు బిడ్డకు జ్వరం వచ్చినా, పాలు తాగకపోయినా, లేపినా లేవకుండా మత్తుగా ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు. కిరుమాంబాక్కంలోనే ఆరుపడై వీడు వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది.

తల్లికీ నిద్ర కావాలి. పాలు ఆమే ఇవ్వాలి గానీ, త్రేన్పు తీయడం, గుడ్డ మార్చడం, జోకొట్టడం ఇంట్లో ఎవరైనా చేయొచ్చు. ఆ రాత్రి పాప పాలు తాగాక అమ్మమ్మే భుజాన వేసుకుంది. తన పాత నేత చీర కొంగు పాప వీపు మీద కప్పి, వాకిట్లో అటూ ఇటూ తిరిగింది.