కోటగడ్డ కథ: అపోహలు – వాస్తవాలు

సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌కు దక్షిణాన ఉన్న పాత మట్టిదిబ్బ పేరు కోటగడ్డ. ఇక్కడి తవ్వకాల సంగతి చదివినవారిలో కొందరు హైదరాబాద్‌లో ఐటీ కంపెనీలున్న కొండాపూర్‌ను తలచుకుంటారు. పేరొక్కటే, ఊళ్లు వేరు.

పేరును బట్టి ఇదొక రాజుగారి కోట అనుకోవడం మరో అపోహ. నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ 1940 నుంచి గులాం యాజ్దానీ ఆధ్వర్యంలో తవ్వించినప్పుడు బయటపడింది శాతవాహనుల నాటి పట్టణం: ఇటుక ఇళ్లు, పూసలు, మట్టిబొమ్మలు, దాదాపు 2 వేల నాణేలు. రోము చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం కూడా దొరికింది. దాన్ని చూపి రోమన్లు ఇక్కడ కాపురమున్నారనడం తొందరపాటే. వ్యాపారంలో నాణెం చేతులు మారుతూ ఎంత దూరమైనా వస్తుంది.

కోటగడ్డలో బౌద్ధ కట్టడాల పునాదులూ ఉన్నాయి కాబట్టి స్తూపాల గురించిన అపోహలూ చూద్దాం. అంతస్తుల గోపురం ఉంటేనే పగోడా, అది చైనా సొత్తు అనే మాట కూడా సరికాదు. పగోడాకు మూలం భారతదేశపు స్తూపం. గుండ్రటి అండం, దాని మీద హర్మిక (చదరపు పెట్టెలాంటి భాగం), ఆపైన గొడుగులు స్తూపం రూపం. చైనాలో అది అక్కడి ఎత్తయిన బురుజుల పద్ధతితో కలిసి అంతస్తులుగా పెరిగింది. గొడుగుల గుర్తు మాత్రం కొసన నిలిచిపోయింది. స్తూపాలన్నీ సమాధులు కూడా కావు. శరీర ధాతువులున్నవి శారీరకాలు, బుద్ధుడు వాడిన వస్తువులున్నవి పారిభోగికాలు, స్మారకంగా కట్టినవి ఉద్దేశికాలు.

కోటగడ్డలో స్తూప, చైత్య (ప్రార్థనాలయం), విహారాల (భిక్షువుల నివాసాలు) పునాదులు ఉన్నాయని యాజ్దానీ గుర్తించాడు. అయితే గజపృష్ఠాకారపు (ఒక చివర గుండ్రంగా ఉండే) పునాది కనబడగానే బౌద్ధ చైత్యమని తేల్చేయకూడదు. ఇక్ష్వాకుల నాగార్జునకొండలో హిందూ ఆలయాలకూ ఆ ఆకారం ఉంది. పునాది ఆకారంకన్నా లోపల దొరికే విగ్రహం, శాసనం, ధాతుపేటికలే గట్టి ఆధారాలు.

ఇదే జిల్లాలోని పటాన్‌చెరు విషయంలో పొరపాటు ఇంకా తేలికగా జరుగుతుంది. ఫ్యాక్టరీల నడుమ ఈనాడు ఆనవాలు పట్టలేం గానీ, కల్యాణి చాళుక్యుల నాటి పొట్టలకెరె ఇదే. పేరున్న జైన కేంద్రం. ఇక్కడ దొరికిన ధ్యాన విగ్రహాలను బుద్ధుడివి అనుకునేవారున్నారు. బుద్ధుడి ఒంటి మీద చీవరం (భిక్షువు వస్త్రం) ఉంటుంది. దిగంబరంగా, చేతులు కిందికి వదిలి నిటారుగా నిలబడితే జైన తీర్థంకరుడు. తల మీద పాము పడగలుంటే చాలావరకు పార్శ్వనాథుడు.