కరెంటు పోయినా మరిచిపోని ఉంగరాలు

"సార్, స్విచ్ వేయగానే లైటు వెలుగుతుంది. బటన్ నొక్కగానే క్యాలిక్యులేటర్ సున్నా చూపిస్తుంది. ల్యాబులో కంప్యూటర్ మాత్రం అంతసేపు లోపల ఏం చేస్తూ ఉంటుంది?" అని తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది. "లోడ్ అవుతుందమ్మా" అంటే ఆ పూటకి పాఠం గడిచిపోతుంది. కానీ ఏది లోడ్ అవుతోంది? ఎక్కడి నుంచి ఎక్కడికి? నిన్న సాయంత్రం ఆపేటప్పుడు అన్నీ లోపలే ఉన్నాయి కదా, ఇవాళ మళ్లీ మొదటి నుంచీ ఎందుకు?

చిక్కంతా ర్యామ్‌తోనే. ఇప్పటి ర్యామ్‌లో ఒక్కో బిట్టుకీ ఒక అతి చిన్న కెపాసిటర్, దానికి కాపలాగా ఒక ట్రాన్సిస్టర్ ఉంటాయి. కెపాసిటర్‌లో ఛార్జ్ ఉంటే 1, లేకపోతే 0. ఐబీఎం ఇంజినీరు రాబర్ట్ డెన్నార్డ్ 1966లో చేసిన ఆలోచన ఇది. ఇంత తక్కువ జాగాలో, ఇంత చవగ్గా బిట్టును దాచే ఉపాయం అంతకుముందు లేదు. ఒకటే లోపం, ఆ ఛార్జ్ నిలవదు. కారిపోతూనే ఉంటుంది. అందుకే కరెంటు ఉన్నంతసేపూ చిప్‌లోని ప్రతి వరుసనీ మామూలుగా 64 మిల్లీసెకన్లలోపు ఒకసారి చదివి మళ్లీ నింపాలి. ఇక కరెంటే పోయిందా, అంతా ఖాళీ.

మర్నాడు స్విచ్ వేసేసరికి ప్రాసెసర్‌కి తెలిసింది ఒకే ఒక్క చిరునామా. మదర్‌బోర్డు మీది ఫ్లాష్ చిప్‌లో ఉన్న చిన్న ప్రోగ్రామ్ ఆ చిరునామాలో మొదలవుతుంది. అది ర్యామ్‌ని సిద్ధం చేసి, ఏయే భాగాలు ఉన్నాయో చూసుకుని, డిస్కును వెతికి, ఆపరేటింగ్ సిస్టమ్‌ను అక్కడి నుంచి ర్యామ్‌లోకి ఎక్కించడం మొదలుపెడుతుంది. ఆ తర్వాత డ్రైవర్లు, ఆ తర్వాత సర్వీసులు. తెర మీద చుక్కలు గిరగిరా తిరుగుతున్నంతసేపూ లోపల జరిగేది చాలావరకు ఈ మోతపనే. ఆలస్యానికి కారణం ప్రాసెసర్ నెమ్మదితనం కాదు, ర్యామ్ మతిమరుపు.

మరి మరిచిపోని ర్యామ్ ఉంటే? స్విచ్ తీసినప్పుడు ఎక్కడ ఆగిందో, వేసినప్పుడు అక్కడి నుంచే సాగిపోవచ్చు. వినడానికి రేపటి టెక్నాలజీలా ఉంటుంది గానీ, అలాంటి ర్యామ్ 1953లోనే పనిలోకి దిగింది. ఆ తర్వాత దాదాపు 20 ఏళ్లు ప్రపంచంలోని కంప్యూటర్లలో చాలావాటికి అదే ఆధారం. దాని పేరు కోర్ మెమరీ. అది ఎలా పనిచేస్తుందో చెప్పడమంటే నాకు భలే ఇష్టం, కాబట్టి కాస్త తీరిగ్గా చెబుతాను.

అమెరికాలోని ఎం.ఐ.టి.లో జే ఫారెస్టర్ బృందం వర్ల్‌విండ్ అనే కంప్యూటర్ కట్టింది. మొదట్లో దాని మెమరీ అంతా గాజు ట్యూబుల్లోనే. ఆ ట్యూబులు తరచూ మొరాయించేవి, రోజుకి నాలుగు గంటలు మరమ్మతుకే పోయేవి. వాటి బదులు ఫారెస్టర్ ఎంచుకున్నది ఫెర్రైట్ అనే నల్లటి పింగాణీలాంటి అయస్కాంత పదార్థంతో చేసిన చిన్న ఉంగరాలు. ఒక్కోదాని వెడల్పు సుమారు 2 మిల్లీమీటర్లు. ఉంగరం మధ్యలోంచి తీగ వేసి కరెంటు పంపితే దానిలో అయస్కాంతత్వం గడియారం ముల్లు తిరిగే దిశలో గానీ, దానికి ఎదురు దిశలో గానీ నిలబడుతుంది. ఒక దిశ 1, రెండోది 0. కరెంటు ఆపేసినా ఆ దిశ మారదు. నెలల తరబడి ఊరికే పడి ఉన్నా మారదు.

ఒక బిట్టు వరకూ బాగానే ఉంది. వెయ్యి బిట్లు కావాలంటే? ఒక్కో ఉంగరానికీ విడిగా తీగ, దాన్ని నడిపే విడి సర్క్యూటు పెడితే తీగల అడవే అవుతుంది. ఇక్కడే ఫెర్రైట్ గుణం ఒకటి అక్కరకొచ్చింది. దాని స్వభావం నిక్కచ్చిగా ఉంటుంది. ఒక హద్దు వరకూ ఎంత నెట్టినా కదలదు, హద్దు దాటగానే ఒక్కసారిగా పూర్తిగా తిరగబడుతుంది. అంటే తిరగబడటానికి ఒక యూనిట్ కరెంటు కావాలనుకుంటే, అర యూనిట్ పంపితే ఉంగరం చెక్కుచెదరదు.

ఇప్పుడు ఉంగరాలను 32 అడ్డ వరుసలు, 32 నిలువు వరుసలుగా పేర్చండి. ప్రతి అడ్డ వరుసకి ఒక తీగ, ప్రతి నిలువు వరుసకి ఒక తీగ. ఒక అడ్డ తీగలో అర యూనిట్, ఒక నిలువు తీగలో అర యూనిట్ పంపండి. ఆ రెండూ కలిసే చోట ఉన్న ఒక్క ఉంగరానికి మాత్రమే పూర్తి యూనిట్ అందుతుంది, అదొక్కటే తిరగబడుతుంది. బ్యాంకు లాకరుకి మేనేజరు తాళం, మన తాళం రెండూ పడితేనే తలుపు తెరుచుకుంటుందే, అదే పద్ధతి. 1024 ఉంగరాలను ఆడించడానికి 64 తీగలు చాలు!

చదవడం ఇంకా తమాషాగా ఉంటుంది. ఉంగరం ఏ దిశలో ఉందో బయటి నుంచి చూసి చెప్పలేం. అందుకని దాన్ని బలవంతంగా 0 దిశలోకి నెడతారు. అప్పటికే 0లో ఉంటే ఏమీ జరగదు. 1లో ఉంటే తిరగబడుతుంది, తిరగబడేటప్పుడు అన్ని ఉంగరాల్లోంచీ వెళ్లే మూడో తీగలో చిన్న విద్యుత్ తరంగం పుడుతుంది. తరంగం వస్తే ఉన్నది 1, రాకపోతే 0. చిక్కేమిటంటే, ఆ అడ్డ వరుసలో మిగిలిన 31, నిలువు వరుసలో మిగిలిన 31, మొత్తం 62 ఉంగరాలకి అర యూనిట్ తగులుతూనే ఉంటుంది. అవి తిరగబడవు గానీ, ఒక్కోటీ కాస్త కదిలి రవ్వంత రొద చేస్తాయి. ఆ 62 రొదలూ కలిస్తే అసలు సంకేతం వినబడదు. అందుకే మూడో తీగను సగం ఉంగరాల్లోంచి ఒక వైపు నుంచి, మిగతా సగంలోంచి ఎదురు వైపు నుంచి వచ్చేలా ఏటవాలుగా అల్లారు. రొదలు ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేసుకుంటాయి, అసలు సంకేతం ఒక్కటే మిగులుతుంది.

ఇలా చదివితే ఉన్నది కాస్తా చెరిగిపోతుంది కదా? చెరిగిపోతుంది. కాబట్టి చదివిన వెంటనే మళ్లీ రాయాలి. దానికోసం నాలుగో తీగ. ఇలాంటి పలకలు పదహారింటిని ఒకదాని మీద ఒకటి పేర్చి, అన్నిటికీ అవే అడ్డ, నిలువు తీగలు వాడేవారు. రాసేటప్పుడు అన్ని పలకల్లోనూ అదే స్థానంలోని ఉంగరాలకి పూర్తి యూనిట్ వెళుతుంది. ఏ పలకలో 0 ఉండాలో అక్కడ నాలుగో తీగలో ఎదురు దిశలో అర యూనిట్ పంపుతారు. ఒకటిలోంచి అర పోతే అర, ఉంగరం కదలదు. రెండు మిల్లీమీటర్ల ఉంగరంలో నాలుగు తీగలు, నాలుగింటికీ నాలుగు వేరువేరు పనులు. ఇదంతా ఆడవాళ్లు మైక్రోస్కోపుల కింద చేత్తో అల్లిన పని.

1953లో వర్ల్‌విండ్‌లో ఈ మెమరీ పెట్టాక దాని వేగం రెట్టింపైంది. రోజుకి నాలుగు గంటల మరమ్మతు వారానికి రెండు గంటలకి దిగింది.

ఇంత మంచి ఆలోచనకి సొంతదారు ఒక్కరే ఎలా ఉంటారు? చదివిన వెంటనే తిరిగి రాయడమనే కిటుకు హార్వర్డ్‌లో పనిచేస్తున్న ఆన్ వాంగ్‌ది. చైనా నుంచి వచ్చిన ఆ భౌతిక శాస్త్రవేత్త ఉంగరాలను ఒకే బారులో పెట్టాడు, కావలసిన బిట్టు తన వంతు వచ్చేదాకా ఆగాలి. గళ్ల అమరిక ఆలోచన ఫారెస్టర్‌కీ, ఆర్‌సీఏ సంస్థలోని జాన్ రాజ్‌చ్‌మన్‌కీ విడివిడిగా తట్టింది. పేటెంటు దరఖాస్తులో రాజ్‌చ్‌మనే ముందు, 1950లో. ఫారెస్టర్‌ది 1951. పనిచేసే పూర్తి యంత్రం నిలబెట్టడంలో మాత్రం ఫారెస్టర్ ముందు. వాంగ్ తన పేటెంటును ఐబీఎంకి 5 లక్షల డాలర్లకి అమ్ముకున్నాడు. మిగతా ఇద్దరి తగువు ఏళ్ల తరబడి సాగి, చివరికి 1964లో, ఈ మెమరీని తన యంత్రాల్లో వాడుతున్న ఐబీఎం ఎం.ఐ.టి.కి 1.3 కోట్ల డాలర్లు కట్టడంతో ముగిసింది. నా మొగ్గు ఫారెస్టర్ వైపే. కాగితం మీద గళ్లు గీయడం ఒక ఎత్తు, 62 ఉంగరాల రొదని అణచి రోజంతా నమ్మకంగా నడిపించడం ఇంకో ఎత్తు.

మన దేశానికీ ఈ ఉంగరాలు త్వరగానే వచ్చాయి. ముంబయిలోని టాటా పరిశోధన సంస్థలో 1960లో పనిలోకి దిగిన టిఫ్రాక్ కంప్యూటర్‌లో 2048 పదాల కోర్ మెమరీ ఉండేది. హైదరాబాద్ ఈసీఐఎల్ 1969లో తెచ్చిన టీడీసీ-12 కూడా ఆ కోర్ల తరానికి చెందినదే. ఇలాంటి యంత్రాల్లో సాయంత్రం కరెంటు తీసేసి మర్నాడు వేస్తే ప్రోగ్రామ్ ఉన్నచోటే ఉండేది. మొదలు చిరునామా స్విచ్చులతో పెట్టి స్టార్ట్ నొక్కడమే.

మరిచిపోని మెమరీ విలువ తెలియాలంటే 1969 జులై 20 గుర్తుచేసుకోవాలి. అపోలో-11 నౌక చంద్రుడి మీదికి దిగుతోంది. అందులోని కంప్యూటర్‌కి ప్రోగ్రామ్ కోసం తీగల అల్లికలోనే శాశ్వతంగా రాసిపెట్టిన 36,864 పదాలు, రాసి చెరుపుకోవడానికి 2,048 పదాల కోర్ మెమరీ ఉన్నాయి. దిగడానికి అవసరం లేని ఒక రాడార్ నుంచి వచ్చిపడుతున్న పిచ్చి సంకేతాలు కంప్యూటర్ సమయంలో దాదాపు 15 శాతం మింగేశాయి. పనులు పేరుకుపోయి 1202 హెచ్చరిక వెలిగింది. అప్పుడు ఆ కంప్యూటర్ ఏం చేసింది? రీస్టార్ట్ అయింది! దిగేలోగా ఒకసారి కాదు, ఐదుసార్లు. లోపలున్న మనుషులకి తెర ఖాళీ అయి మళ్లీ వచ్చినట్టు కనిపించిందంతే, నౌక దారి తప్పలేదు.

కిటుకు ఇది. ముఖ్యమైన ప్రతి పనీ తాను ఎక్కడిదాకా వచ్చిందో కోర్ మెమరీలో గుర్తు రాసుకుంటూ పోతుంది. రీస్టార్ట్ కాగానే కంప్యూటర్ పేరుకుపోయిన పనుల వరుసను అవతల పారేసి, ఆ గుర్తులు చూసి, దిశ, ఇంజిను వంటి ప్రాణాధారమైన పనులను మాత్రమే అక్కడి నుంచి ఎత్తుకుంటుంది. ఆ రోజు కరెంటు పోలేదు. క్షణం పాటు పోయి వచ్చినా ఆ గుర్తులు కోర్లలో ఉండేవే. ఏది గుర్తుపెట్టుకోవాలో, ఏది వదిలేయాలో ముందే తేల్చుకుంటే రీస్టార్ట్ రెప్పపాటు పని అని ఆ కంప్యూటర్‌ను రూపొందించిన ఎం.ఐ.టి. ఇంజినీర్లు చూపించారు.

ఆ తర్వాతి కథ త్వరగా ముగుస్తుంది. 1970లో, ఛార్జ్‌తో బిట్లు దాచే ఇంటెల్ 1103 చిప్ వచ్చింది. చేతి అల్లిక దాని ధరతో పోటీ పడలేకపోయింది. కొన్నేళ్లలోనే కోర్లు మూలపడ్డాయి. చవకతనం కోసం మనం జ్ఞాపకశక్తిని వదులుకున్నాం.

అయస్కాంతం మాత్రం ఊరుకోలేదు. 1995లో ఎం.ఐ.టి.లో మన దేశం నుంచి వెళ్లిన జగదీశ్ మూడేరా బృందం, జపాన్‌లో మియాజాకి బృందం రెండు అయస్కాంత పొరల మధ్య అతి పల్చని బంధక పొర పెట్టి గది ఉష్ణోగ్రత దగ్గర ఒక ప్రభావం చూపించాయి. రెండు పొరల దిశ ఒకటైతే కరెంటు తేలిగ్గా దాటుతుంది, ఎదురెదురైతే కష్టంగా దాటుతుంది. అంటే చదవడానికి చెరపనక్కర్లేదు, కొద్దిగా కరెంటు పంపి నిరోధం కొలిస్తే చాలు. దీని ఆధారంగా ఎమ్‌ర్యామ్ అనే అయస్కాంత ర్యామ్ పుట్టింది.

రాయడానికి మళ్లీ అడ్డ, నిలువు తీగలే వేశారు. దాంతో ఫారెస్టర్ నాటి తలనొప్పీ తిరిగొచ్చింది. నానోమీటర్ల స్థాయిలో ఏ రెండు బిట్లూ అచ్చం ఒకేలా రావు, అర యూనిట్‌కే తిరగబడే తొందరగాళ్లు కొందరు తప్పరు. మోటరోలాలో పనిచేసిన లియోనిడ్ సావ్చెంకో దీనికి చెప్పిన పరిష్కారం నాకు కోర్ మెమరీ అంత ముచ్చటగా ఉంటుంది. ఒక పొర స్థానంలో ఎదురు దిశల్లో జతకట్టిన రెండు పొరలు పెట్టి, బిట్టును తీగలకి 45 డిగ్రీల వాలుగా ఉంచాడు. ముందు మొదటి తీగ, దానికి తోడు రెండోది, తర్వాత మొదటిది ఆపి, ఆఖరున రెండోది ఆపుతారు. ఈ వరుస తప్పకుండా జరిగితేనే బిట్టు మెట్టుమెట్టుగా తిరిగి ఎదురు దిశకి చేరుతుంది. ఒక్క తీగ ఎంత గట్టిగా నెట్టినా పూర్తిగా తిరగబడదు. బలం బదులు వరుసక్రమం కాపలా కాస్తుందన్నమాట. 2006లో ఫ్రీస్కేల్ కంపెనీ ఈ పద్ధతితో 4 మెగాబిట్ల చిప్‌ను అమ్మకానికి పెట్టింది. తర్వాత తీగలతో పని లేకుండా బిట్టులోంచే కరెంటు పంపి రాసే పద్ధతులొచ్చాయి.

అయినా ఎమ్‌ర్యామ్ మన ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ కాలేదు. ఉపగ్రహాల్లో, విమానాల్లో, ఫ్యాక్టరీ కంట్రోలర్లలో, క్షణం కరెంటు పోయినా సమాచారం పోకూడని చోట్ల ఉంది. ఒక్కో చిప్‌లో పట్టే బిట్లలోనూ ధరలోనూ మామూలు ర్యామ్‌ను అందుకోలేదు. ఇంటెల్, మైక్రాన్ కలిసి వేరే దారిలో తెచ్చిన త్రీడీ ఎక్స్‌పాయింట్ మెమరీని కూడా 2022లో ఇంటెల్ ఆపేసింది.

మరి ఇవాళ మన కంప్యూటర్లు కొన్ని సెకన్లలో ఎలా లేస్తున్నాయి? ఒకటి, డిస్కుల స్థానంలో ఎస్‌ఎస్‌డీలు వచ్చి మోతపని వేగం పెరిగింది. రెండు, మూత వేస్తే కంప్యూటర్ ఆగదు, ర్యామ్‌కి మాత్రం బొట్టుబొట్టుగా కరెంటు ఇస్తూ నిద్రపోతుంది. మూడు, 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి షట్ డౌన్ నొక్కినా చాలా కంప్యూటర్లలో ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం ఉన్నదున్నట్టు డిస్కులోకి భద్రమవుతుంది, మర్నాడు అదే ర్యామ్‌లోకి తిరిగొస్తుంది. మరిచిపోని మెమరీ కోసం ఎదురుచూడకుండా మరిచిపోయే మెమరీకే నోట్సు రాసిపెడుతున్నాం.

ఇందులో ఒక మెలిక ఉంది. ఆఫ్ చేసి ఆన్ చేస్తే కంప్యూటర్ జబ్బు నయమవుతుందని మనందరి నమ్మకం. అది నయమయ్యేది ర్యామ్ ఖాళీ అవుతుంది కాబట్టి. మరిచిపోని మెమరీ తప్పుల్ని కూడా మరిచిపోదు, అందుకే అపోలో ఇంజినీర్ల తరహా జాగ్రత్త లేకుండా అది వరం కాదు. ఇప్పటికి మీరు గుర్తుంచుకోవాల్సింది ఒకటి. మీ విండోస్ కంప్యూటర్ తిక్కగా ప్రవర్తిస్తే షట్ డౌన్ చేసి ఆన్ చేయకండి. నిన్నటి తిక్క అలాగే తిరిగి రావచ్చు. రీస్టార్ట్ నొక్కండి. మొదటి నుంచీ అంతా కొత్తగా లోడ్ అయ్యేది అప్పుడే.