ఇంటిలో కేకు తయారీ, అలంకరణ

ఇంటిలో కేకు తయారీ అనగా పుట్టినరోజు, పెళ్ళిరోజు, క్రిస్మస్, ఆంగ్ల సంవత్సరాది వంటి విశేష దినములకు కావలసిన కేకును బేకరీలో కొనక, గృహమునందే కాల్చి అలంకరించుకొనుట. కేకు మైదాపిండి, పంచదార, వెన్న లేదా నూనె, కోడిగుడ్లు ప్రధాన పదార్థములుగా గల తీపి వంటకము. దీని తయారీ మన పిండివంటల తయారీ కంటె భిన్నమైనది. అరిసెలు, బూరెలు చేయునపుడు మొదటి వాయిని చూచి రెండవ వాయిని సరిచేసికొనవచ్చును. కేకును ఓవెనులో పెట్టిన పిమ్మట సరిచేయుటకు వీలులేదు. కావున కొలతలు, వేడి, సమయము అను మూడింటి వెనుకనున్న కారణములను ముందుగా తెలిసికొనుట మంచిది.

చరిత్ర

పూర్వము ఐరోపాలో కేకులను రొట్టెల వలె ఈస్టుతో పొంగించెడివారు. 18వ శతాబ్దమునకు గుడ్లను బాగుగా గిలకొట్టి, అందు చేరిన గాలితోనే కేకును పొంగించు పద్ధతి వ్యాపించినది. 1747లో ఇంగ్లాండులో వెలువడిన హన్నా గ్లాస్ వంటల పుస్తకములో పౌండు కేకు తయారీ కలదు. అందు పిండిని ఒక గంటసేపు గిలకొట్టవలెనని చెప్పబడినది. పిండి, పంచదార, వెన్న, గుడ్లు ఒక్కొక్క పౌండు (సుమారు 454 గ్రాములు) చొప్పున తీసికొనుట వలన దీనికి ఆ పేరు వచ్చినది.

1843లో ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్ నగరమునకు చెందిన ఆల్ఫ్రెడ్ బర్డ్, ఈస్టు సరిపడని తన భార్య కొరకు బేకింగ్ పౌడరును తయారుచేసెను. అమెరికాలో ఎబెన్ హార్స్‌ఫర్డ్ 1856లో మరియొక రకమునకు పేటెంటు పొందెను. ఈ పొడితో గంటల కొలది చేయు శ్రమ తప్పి, కేకు సామాన్య గృహిణికి అందుబాటులోనికి వచ్చినది.

భారతదేశమున కేరళలోని తలశ్శేరి పట్టణములో మాంబళ్ళి బాపు అను బేకరీ యజమాని 1883లో మర్డోక్ బ్రౌన్ అను తోటల యజమాని కోరికపై క్రిస్మస్ కేకును తయారుచేసెనని ప్రసిద్ధి. తెలుగు నాట క్రైస్తవ గృహములలో క్రిస్మస్‌కు అరిసెలు మున్నగు పిండివంటలతో పాటు కేకు కూడ ఉండును. డిసెంబరు 31 రాత్రి కేకు కోయుట మతభేదము లేక అన్ని వర్గములలోను వాడుకైనది. 2020లో కరోనా వలన దుకాణములు మూతపడినపుడు ఇంటిలో కేకు చేసికొను అలవాటు మరింత పెరిగినది.

కేకు ఎట్లు పొంగును?

వెన్న, పంచదారలను కలిపి గిలకొట్టినపుడు పంచదార పలుకులు వెన్నలో సన్నని గాలి బుడగలను ఏర్పరచును. బేకింగ్ పౌడరులో వంటసోడా, పొడి రూపములోని ఆమ్లము ఉండును. తడి, వేడి తగిలినపుడు ఇవి రెండును కలిసి బొగ్గుపులుసు వాయువును విడుదల చేయును. ఈ వాయువు ముందే ఏర్పడిన బుడగలలో చేరి వాటిని పెద్దవి చేయును. అనగా బేకింగ్ పౌడరు కొత్త బుడగలను పుట్టించదు. అందుచేతనే గిలకొట్టుటలో లోపమున్నచో పొడి ఎంత ఎక్కువ వేసినను కేకు గుల్లగా రాదు.

వేడి పెరిగిన కొలది గుడ్డులోని మాంసకృత్తులు గట్టిపడును, మైదాలోని పిండిపదార్థము నీటిని పీల్చుకొని ఉబ్బును. ఈ రెండింటి వలన బుడగల చుట్టును గోడలు నిలుచును. గోడలు గట్టిపడక ముందే ఓవెను తలుపు తెరచినచో చల్లగాలి తగిలి కేకు కుంగిపోవును. ఇంతేకాక మైదా తడిసినపుడు గ్లూటెన్ అను సాగెడి పదార్థము ఏర్పడును. చపాతీ పిండికి ఇది మేలు, కేకునకు కీడు. కనుక పిండి వేసిన తరువాత ఎక్కువగా కలుపరాదు.

కావలసిన పదార్థములు

అర కిలోకు కొంచెము మించిన సాదా కేకునకు:

మైదా - 150 గ్రాములు
పంచదార పొడి - 150 గ్రాములు
ఉప్పు లేని వెన్న - 150 గ్రాములు
కోడిగుడ్లు - 3
బేకింగ్ పౌడరు - ఒకటింబావు చిన్న చెంచా
వెనిల్లా ఎసెన్సు - ఒక చిన్న చెంచా
పాలు - అవసరమైనచో రెండు పెద్ద చెంచాలు

వెన్న, గుడ్లు ఫ్రిజ్ నుండి ముందుగా తీసి ఉంచవలెను. చల్లని గుడ్లు వేసినచో వెన్న విరిగినట్లగును.

తయారుచేయు విధానము

1. ఏడంగుళముల గుండ్రని గిన్నెకు వెన్న రాసి, అడుగున వెన్న కాగితము పరువవలెను. ఓవెనును 180 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ముందుగా వేడిచేయవలెను.
2. మైదా, బేకింగ్ పౌడరు కలిపి రెండుసార్లు జల్లించవలెను.
3. వెన్న, పంచదార పొడి కలిపి తెల్లబడి నురుగు వలె తేలికయగు వరకు గిలకొట్టవలెను.
4. గుడ్లను ఒక్కొక్కటిగా వేసి గిలకొట్టి, ఎసెన్సు కలుపవలెను.
5. మైదాను మూడు విడతలుగా వేసి గరిటెతో అడుగు నుండి పైకి మెల్లగా కలుపవలెను. పిండి గట్టిగా ఉన్నచో పాలు చేర్చవలెను.
6. గిన్నెలో పోసి 35 నుండి 40 నిమిషములు కాల్చవలెను. నడుమ గుచ్చిన పుల్లకు తడి పిండి అంటనిచో కేకు ఉడికినట్లు.
7. పది నిమిషములు ఆగి గిన్నె నుండి తీసి, పూర్తిగా చల్లార్చవలెను.

గుడ్డు లేని కేకు: శాకాహారులు గుడ్లకు బదులు పెరుగు, వంటసోడా వాడుదురు. పెరుగులోని పులుపు సోడాతో కలిసి వాయువును పుట్టించును. ఒక కప్పు పెరుగులో ఒక కప్పు పంచదార కరిగించి, ఒకటింబావు చిన్న చెంచా బేకింగ్ పౌడరు, అర చెంచా వంటసోడా కలిపి ఐదు నిమిషములు ఉంచి, నురుగు వచ్చిన తరువాత అర కప్పు నూనె, ఎసెన్సు, ఒకటిన్నర కప్పుల మైదా కలుపవలెను. ఈ పిండిని వెంటనే కాల్చవలెను. ఆలస్యమైనచో వాయువు పోవును.

ఓవెను లేనివారికి: మందపాటి గిన్నెలో అంగుళము మందమున ఉప్పు లేదా శుభ్రమైన ఇసుక పరచి, దానిపై స్టాండు ఉంచి, మూతపెట్టి పది నిమిషములు వేడిచేసి, అందు కేకు గిన్నెను పెట్టి సన్నని సెగపై 40 నుండి 50 నిమిషములు కాల్చవచ్చును. ప్రెషర్ కుక్కరు వాడువారు రబ్బరు గాస్కెట్టును, విజిల్‌ను తప్పక తీసివేయవలెను, లోపల నీరు పోయరాదు. కొన్ని కుక్కర్లను నీరు లేక వేడిచేయరాదు గనుక దానితో వచ్చిన సూచనలను చదువవలెను.

అలంకరణ

కేకు పూర్తిగా చల్లారిన తరువాతనే అలంకరించవలెను. వేడి మీద పూసినచో క్రీము కరిగి జారిపోవును. మొదట పలుచని పూత పూసి, రాలు పొడిని అందులో అణగనిచ్చి, అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, పిదప రెండవ పూత నున్నగా పూయుదురు. ముఖ్యమైన పూతలు ఇవి:

బటర్ క్రీము: ఒక వంతు వెన్నకు రెండు వంతుల ఐసింగ్ పంచదార చేర్చి గిలకొట్టినది. పువ్వులు చేయుటకు అనుకూలము. మన వేసవిలో త్వరగా కరుగును.
విప్ క్రీము: తేలికైనది. చల్లదనములోనే నిలుచును.
గనాష్: వేడి క్రీములో చాక్లెట్టు కరిగించినది.
రాయల్ ఐసింగ్: గుడ్డు తెల్లసొన, ఐసింగ్ పంచదారలతో చేయునది. ఆరిన తరువాత గట్టిపడును.
ఫాండెంట్: పంచదారతో చేసిన ముద్ద. చపాతీ వలె ఒత్తి కేకుపై కప్పుదురు, బొమ్మలు చేయుదురు.

పువ్వులు, అక్షరములు వేయుటకు నాజిల్ అమర్చిన సంచిని వాడుదురు. అది లేనిచో పాల కవరు మూలను కత్తిరించి గోరింటాకు కోను వలె వాడుకొనవచ్చును. గోరింటాకు పెట్టుట, ముగ్గు వేయుట తెలిసిన చేతికి ఈ పని త్వరగా అలవడును.

లోపములు, కారణములు

నడుమ కుంగుట: తలుపు ముందే తెరచుట, బేకింగ్ పౌడరు ఎక్కువగుట, సరిగా ఉడకకపోవుట.
పైన పగులుట: వేడి ఎక్కువగుట.
గట్టిగా సాగుట: మైదా వేసిన తరువాత ఎక్కువగా కలుపుట.
పొంగకపోవుట: పాతబడిన బేకింగ్ పౌడరు. చెంచాడు పొడిని వేడినీటిలో వేసినపుడు నురగ రానిచో అది పనికిరాదు.

జాగ్రత్తలు

పచ్చి పిండిని పిల్లలు నాకుట ప్రమాదకరము. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా బాక్టీరియా ఉండవచ్చును. మైదా కూడ సురక్షితము కాదు. 2016లో అమెరికాలో పచ్చి పిండి వలన ఈ.కోలై వ్యాధి పలు రాష్ట్రములలో వ్యాపించినది. తెల్లసొనతో చేయు ఐసింగ్‌ను చిన్నపిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు పెట్టకపోవుట మేలు. రంగులు ఆహారమునకు అనుమతింపబడినవే వాడవలెను. మెరుపు పొడులలో తినదగనివి కూడ అమ్ముదురు గనుక పొట్లముపై చదివి కొనవలెను. అతిథులలో గుడ్డు, పాలు, గోధుమ, వేరుశనగ, జీడిపప్పు పడనివారున్నారేమో ముందే విచారించవలెను.

కొవ్వొత్తులు, దీపము

1746లో జర్మనీలో కౌంట్ జింజెండార్ఫ్ పుట్టినరోజున ఆయన వయస్సును సూచించు కొవ్వొత్తులను కేకుపై నిలిపినట్లు తెలియుచున్నది. వాటిని ఊది ఆర్పుట తరువాత ఆచారమైనది. తెలుగు ఇళ్ళలో పుట్టినరోజున తలంటు, కొత్త బట్టలు, పాయసము, హారతి సంప్రదాయము. శుభదినమున దీపము ఆర్పుట తగదని కొందరు పెద్దలు అభ్యంతరము చెప్పుదురు. అట్టి ఇళ్ళలో దీపము వెలిగించి కేకు కోయుదురు. ఆరోగ్యరీత్యా కూడ ఇందు విషయము కలదు. 2017లో అమెరికాలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, కొవ్వొత్తులు ఊదిన ఐసింగ్‌పై బాక్టీరియా సంఖ్య పలు రెట్లు పెరిగినట్లు కనుగొనిరి. ఆరోగ్యవంతులకు దీని వలన ముప్పు తక్కువే. అయినను జలుబు, దగ్గు ఉన్నపుడు కొవ్వొత్తిని విడిగా చిన్న కేకుపై నిలుపుట మంచిది.

ఇవి కూడా చూడండి

రొట్టె
బిస్కట్టు
పిండివంటలు
క్రిస్మస్